మజీదక్కకు జెరమంట

మా క్లబ్బులో ఎవరినైనా ఒక పూట పనికి పిలిచి చూడండి, నా బాధ తెలుస్తుంది. చీరల ఎగ్జిబిషన్ అంటే కాలు పెట్టడానికి సందుండదు. పార పట్టాలి రండమ్మా అంటే మాత్రం అందరికీ ఒకేసారి నడుం పట్టేస్తుంది.

ఖతర్‌లోని అల్ వక్రాలో మాది 'కలబోత' మహిళా క్లబ్బు. పేరు పెట్టింది నేనే, కార్యదర్శినీ నేనే. నా పేరు సునంద, మాది మండపేట. కోస్తావాళ్ళం, తెలంగాణవాళ్ళం, ఇంజినీరు భార్యలం, డ్రైవరు భార్యలం, బొట్టు పెట్టుకునేవాళ్ళం, బురఖా వేసుకునేవాళ్ళం అందరం ఒక్కచోట కూర్చుని మిక్చర్ తింటాం కాబట్టి ఆ పేరు. నా నోరు మంచిది కాదని క్లబ్బంతా అంటుంది. అననివ్వండి. ఈ నోరు లేకపోతే మీటింగుకి టైముకి ఒక్కరు రారు. అయితే ఇదంతా నా గొప్పలు చెప్పుకోవడానికి రాయడం లేదు. మజీదక్క గురించి ఎక్కడో ఒకచోట నాలుగు ముక్కలు రాసి ఉండాలని రాస్తున్నాను.

మజీదక్కది కోరుట్ల. చిన్నతనమంతా బీడీలు చుట్టింది. పెళ్ళయ్యాక భర్త ఇస్హాక్ భాయ్ వెంట ఖతర్ వచ్చేసింది. ఆయన ఒక ఖతరీ పెద్దాయన దగ్గర తోటలు, అద్దె ఇళ్ళు చూసుకునే నమ్మకమైన మనిషి. మజీదక్క వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ "మా మజీద దుబాయ్‌ల ఉన్నది" అనే చెప్పేదట. దుబాయ్ కాదమ్మా, ఖతర్ అంటే "ఏదైతేంది తియ్, అంతా ఉస్కెనే గద" అని, ఎక్కడైనా ఇసకేగా అన్నట్టు కొట్టిపారేసేదట. ఒక్కగానొక్క కూతురు జీనత్‌కి నిజామాబాద్‌లో పెళ్ళి చేసి పంపేశారు. ఇప్పుడు ఇంట్లో వాళ్ళిద్దరే.

అక్క ఇక్కడ ఒక క్లినిక్కులో ఆయా. గదులు తుడవడం, దుప్పట్లు మార్చడం ఆమె డ్యూటీ. కానీ అసలు పని వేరే ఉంది. దగ్గరలో లేబర్ క్యాంపు ఉంది, అందులో సగం మంది జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు వాళ్ళు. ఒకసారి అందులో ఒకతను కొత్తగా వచ్చిన డాక్టరుతో "పానం మంచిగ లేదు సార్" అన్నాడట, ఒంట్లో బాగాలేదని. డాక్టరుకి 'పాన్' అన్న ముక్క ఒక్కటే అర్థమై, పాన్ నమిలితే ఏమేం రోగాలొస్తాయో చెప్పడం మొదలుపెట్టాడు. అక్క తుడిచే కర్ర గోడకి ఆనించి లోపలికి వెళ్ళి, "పాన్ నక్కో సాబ్! పానం! జాన్! తబియత్!" అని గుండె మీద కొట్టుకుని మరీ చెప్పింది. ఆ రోజు నుంచి తెలుగువాడు ఎవడొచ్చినా డాక్టరు ముందు "మజీదా కహాఁ?" అంటాడు. కడుపులో కసికసి, కండ్లల్ల మసకమసక, కాళ్ళ గుంజుడు, అన్నీ అక్కే అనువదిస్తుంది.

డ్యూటీ దిగాక ఆమెకి ఇల్లు గుర్తుకు రాదు. పొద్దుట క్లినిక్కులో చూసిన జ్వరం మనిషి ఎలా ఉన్నాడోనని జావ కాచి, క్యాంపు గేటు దాకా పట్టుకెళ్ళి ఇచ్చొస్తుంది. నా సంగతే చెప్తాను. మా చిన్నదాని పురుడప్పుడు మా అమ్మకి వీసా రాలేదు. పక్కవాళ్ళ పరిచయంతో మొదటిసారి మా గుమ్మం ఎక్కిన మజీదక్క, చంటిదాన్ని కాళ్ళ మీద వేసుకుని నలుగు పెట్టి స్నానం పోసింది. తర్వాత నా తలకి సాంబ్రాణి వేసి, "నువ్వు పండుకో, పొల్లను నేను సూస్త" అంది. ఆ పూట నేను ఎంత హాయిగా నిద్రపోయానో నాకే తెలుసు. సొంత అక్క అయినా అంతకంటే చేయదు. ఆవిడ పేరెత్తితే నా నోరు దానంతట అదే మెత్తబడుతుంది.

ఇక విషయానికొస్తాను. క్యాంపుకీ మా వీధికీ మధ్య ఒక ఖాళీ స్థలం ఉంది. ఎప్పటిదో కట్టుబడి పని తాలూకు సిమెంటు పెళ్ళలు, పగిలిన టైల్సు, తుప్పు పట్టిన తీగలు, గాలికి ఎగిరే ప్లాస్టిక్కు. సాయంత్రం క్యాంపు వాళ్ళు ఇంటికి ఫోన్లు చేసుకునేది అక్కడే. ఒక్కో గదిలో అంతమంది ఉంటే పెళ్ళాంతో మనసు విప్పి ఏం మాట్లాడతాడు మనిషి? అందుకని ఆ చెత్త మధ్య తలో పెళ్ళ మీదా కూర్చుని, గోడవైపు తిరిగి మాట్లాడుకుంటారు.

క్లబ్బు మీటింగులో మజీదక్క లేచి నిలబడింది. ఆమె మీటింగులో మాట్లాడటం అదే మొదలు.

"గా జాగల నాలుగు యాప చెట్లు పెడదాం. నాలుగు బెంచీలేద్దాం. మొగోడు ఇంటికి ఫోన్ జేసి ఏడ్వాలన్నా మర్యాదగ కూసునే జాగ లేదు గీడ" అంది.

 నేనే ముందు చప్పట్లు కొట్టాను.

స్థలం ఇస్హాక్ భాయ్ పనిచేసే పెద్దాయనదే. అక్క స్వయంగా వెళ్ళి, వచ్చీరాని అరబ్బీలో అడిగింది. ఆయన మంచివాడు, కానీ మాట ఖచ్చితం. "ఉమ్ సలాల్‌లో నా తోట నుంచి మొక్కలు, నీళ్ళ ట్యాంకరు, బెంచీలు శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక పంపిస్తాను. అప్పటికి స్థలం శుభ్రంగా ఉండాలి. లేదంటే మా తమ్ముడి కొడుకు లారీలు పెట్టుకోవడానికి అడుగుతున్నాడు, అతనికి ఇచ్చేస్తాను" అన్నాడు. అక్క "ఇన్షా అల్లాహ్, అయిపోతుంది" అని మాట ఇచ్చేసి వచ్చింది. ఇస్హాక్ భాయ్ మాత్రం తల పట్టుకున్నాడు. రేపు పని కాకపోతే మాట పోయేది ఆయనది కూడా.

నేను వాట్సాప్ గ్రూపులో పిలుపు పెట్టాను. అబ్బో, ఆ స్పందన చూడాలి! బొటనవేళ్ళు, చప్పట్లు, దణ్ణాలు, పువ్వులు. "గ్రేట్ ఇనీషియేటివ్", "ప్రౌడ్ ఆఫ్ యు సిస్టర్స్". ఎవరెవరు వస్తారో పేర్లు పెట్టండి అనేసరికి ఒకరింట్లో సీమంతం, ఒకరి పిల్లలకి పరీక్షలు, ఒకరికి దుమ్ము పడదు. మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు! చివరికి వేళ్ళ మీద లెక్కపెట్టే అంతమందిమి మిగిలాం.

క్యాంపులో కూడా పోస్టరు వేయిద్దామని నేనే కంప్యూటరులో తయారు చేశాను. 'వాలంటీర్లు కావలెను' అని పెద్ద అక్షరాలు, కింద టోపీలు, గ్లవ్సులు వేసుకుని నవ్వుతున్న మనుషుల బొమ్మ. క్యాంపు మెస్సు వంటమనిషి నర్సింగ్, మా అక్కకి బాగా తెలిసినవాడు, దాన్ని మెస్సు గోడకి అంటించాడు. ఒక్కడంటే ఒక్కడు పేరివ్వలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వాళ్ళ నీడ కోసం మనం కొట్టుకుంటుంటే వాళ్ళకి చీమ కుట్టినట్టయినా లేదు చూశావా అక్కా!" అన్నాను.

"తిట్టకు సునందా. ఆరొద్దులు ఎండల పనిజేస్తరు. ఒక్క జుమ్మా నాడు బట్టలుతుక్కుంటరు, పండుకుంటరు. ఎట్ల రమ్మంటం?" అంది. కానీ ఆ ముఖంలో దిగులు నాకు కనిపిస్తూనే ఉంది.

గురువారం సాయంత్రం, ఇక తప్పదన్నట్టు, నా ముందే నర్సింగ్‌కి ఫోన్ చేసింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గల్ఫ్‌లో ఇన్నేళ్ళుండి మజీదక్క నాలుక కిచిడీ అయిపోయింది. తెలుగు మాట్లాడుతూ ఉర్దూలో జారి, అరబ్బీలో తేలుతుంది. రేపు అనడం ఎప్పుడో మానేసింది, ఆమెకి అది 'బుక్రా'. అరబ్బీలో బుక్రా అంటే రేపు.

ఫోను ఎత్తింది నర్సింగ్ కాదు. అతని చేతులు రొట్టెల పిండిలో ఉన్నాయట, పక్కనున్నాయన ఎత్తాడు. వెనకాల మెస్సు ఫ్యాను విమానంలా మోగుతోంది.

"నేను మజీదక్కను. బుక్రా! యాదున్నదా? బుక్రా!" అని అక్క అరిచింది.

అవతల ఏదో అడిగారు.

"ఆఁ ఆఁ, బుక్రా! అందర్కి చెప్పు తమ్మీ, మర్చిపోకు" అని ఇంకా గట్టిగా అరిచింది. ఫోన్ కట్టయింది. అక్క ఫోను వంక చూస్తూ, "గా మనిషి 'అయ్యో' అన్నడేందే?" అంది.

"రేపు మధ్యాహ్నం దాకా నిద్ర పోదామనుకున్నాడేమో, పని చెప్పేసరికి అయ్యో అన్నాడు" అని నేను విసుక్కున్నాను.

శుక్రవారం పొద్దున్నే స్థలం దగ్గరికి చేరాం. మేము, మా కొత్త గ్లవ్సులు, ఇస్హాక్ భాయ్ పికప్పు. చలికాలం కాబట్టి ఎండ నెమ్మదిగానే ఉంది. కానీ ఆ పెళ్ళలు మా వల్ల అయ్యేవా? నలుగురం పట్టుకుంటే ఒకటి కదిలింది, దాంతో మా క్లబ్బు సరిత చేతికి గీరుకుంది. క్యాంపు గేటు వైపు చూస్తే నరమానవుడు లేడు. అక్క చిన్న చిన్న ముక్కలు ఏరి బుట్టలో వేస్తోంది. నమాజు వేళ దగ్గరపడుతోంది. ఇస్హాక్ భాయ్ ఇంకేం చేయలేక మంచినీళ్ళ క్యాన్లు తెస్తానని ఇంటికి వెళ్ళాడు. వెళ్ళిన కాసేపటికే ఫోన్.

"మజీదా, జల్దీ ఘర్ ఆవ్! మెట్ల నిండ జనం. క్యాంప్ మొత్తం మన ఇంటి ముంగటే ఉన్నది!"

 "ఎవనికన్న ఏమన్న అయిందా? యా అల్లాహ్!" అంటూ అక్క పరిగెత్తింది. వెనకాల నేను.

వెళ్ళి చూద్దుం కదా, నిజమే. కింద గేటు నుంచి రెండో అంతస్తులో వాళ్ళ తలుపు దాకా మెట్టుకొకరు. శుక్రవారం బట్టలేసుకుని, తల దువ్వుకుని, పెళ్ళిచూపులకొచ్చినట్టు నిలబడ్డారు. చేతుల్లో నారింజ పళ్ళ సంచులు, గ్లూకోజు పొట్లాలు, బన్నులు. నర్సింగ్ చేతిలో స్టీలు క్యాను, అందులో జొన్నరవ్వతో కాచిన గట్క. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. మెట్ల మీద చెప్పులు విడిచి వరసగా పెట్టారు.

కింద నుంచి వస్తున్న అక్కని అందరికంటే ముందు చూసింది నలభై దాటిన ఒక సన్నటి మనిషి. కళ్ళు ఇంతింత చేసుకుని, "అక్కా! నువ్వు లేసి తిరుగవడితివి? పండుకోవాలె గదా!" అన్నాడు.

"నేనెందుకు పండుకోవాలె?"

"బుఖార్ గద నీకు!"

"నాకా? ఎవల్ చెప్పిన్రు?"

"నువ్వే చెప్తివి. ఫోన్ల. బుఖారా అక్కా అని రెండుమాట్ల అడిగిన. ఆఁ ఆఁ అంటివి. అందర్కి చెప్పుమంటివి."

ఆయన పేరు లింబాద్రి. ఊరు నుంచి వచ్చి రెండు నెలలు కాలేదు. అరబ్బీ ఒక్క ముక్క రాదు. తెలంగాణవాళ్ళకి తురకం, అదే ఉర్దూ, మాత్రం ఉగ్గుపాలతో వస్తుంది, అందులో బుఖార్ అంటే జ్వరం. ఆ ఫ్యాను మోతలో అక్క 'బుక్రా' ఆయన చెవికి 'బుఖార్' అయి కూర్చుంది. జ్వరం వచ్చిన మనిషి అందరికీ చెప్పమందంటే ఎంత పెద్ద జ్వరమో అని భయపడి, గదిగదికీ తిరిగి "మజీదక్కకు జెరమంట" అని చెప్పాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు క్యాంపు క్యాంపంతా నమ్మేసింది.

నాకు నవ్వాగలేదు. రెయిలింగు పట్టుకుని కూలబడి నవ్వాను. నర్సింగ్ "ఓరి లింబాద్రీ, నీ చెవుల్ల జెముడు పెట్ట!" అన్నాడు. మెట్లన్నీ నవ్వులతో మోగిపోయాయి. లింబాద్రి ఒక్కడే నవ్వలేదు, చేతిలో పళ్ళ సంచి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. అక్క కూడా నవ్వలేదు. ఆ సంచులన్నీ ఒక్కొక్కటే చూస్తోంది.

నవ్వు తగ్గాక నాలో కోపం లేచింది. నా నోరు ఊరుకుంటుందా? "ఆవిడకి జ్వరమంటే ఇంతమంది వచ్చారు. ఆవిడ మీ కోసమే పని పెట్టుకుని పిలిస్తే ఒక్కరూ రాలేదేం? గోడ మీద అంత పెద్ద పోస్టరు కనబడలేదా?" అని అడిగేశాను.

నర్సింగ్ క్యాను కింద పెట్టాడు. "కనవడ్డది మేడం. రోజు సూస్తనే ఉన్నం. వాలంటీర్లు గావాల్నని రాసిండ్రు గద."

"అవును, మరి?"

"మేం లేబరోళ్ళం గద మేడం. వాలంటీర్లంటే టోపీలు, టీషర్టులు ఏసుకొని ఫొటోలు దిగెటోళ్ళు. ఎవలో పెద్దోళ్ళు వస్తున్నరు, మనం నడుమ అడ్డమెందుకని ఆ దిక్కు రాలే."

  ఆ బొమ్మ వెతికి పెట్టింది నేనే. మెట్ల మీద ఉన్నవాళ్ళ ముఖాలు చూశాను. ఎవరి ముఖంలోనూ నిష్ఠూరం లేదు, ఉన్న మాట చెప్పినట్టే చెప్పారు.

మజీదక్క కళ్ళు తుడుచుకుంది. "గా కాయితం ఇడిసిపెట్టుండ్రి. నేను అడుగుతున్న. మీరు ఫోన్లు మాట్లాడుకునే జాగ సాఫ్ చెయ్యాలె. జుమ్మా దాటినంక చెట్ల లారీ అస్తది. సాఫ్ లేకుంటే మల్లిపోతది, జాగ లారీలోళ్ళ పాలైతది. అస్తరా తమ్మీ?"

"గిదా ముచ్చట? గీ మాట మొదలే అంటే అయిపోయేది గదక్కా!" అన్నాడు నర్సింగ్. ఎవరో వెనక నుంచి "యల్లా, యల్లా!" అని, పదండి పదండి అన్నట్టు అరిచారు. పళ్ళ సంచులన్నీ అక్క ఇంట్లో పెట్టేసి, చొక్కా చేతులు మడుచుకుంటూ దిగారు. ఇస్త్రీ చొక్కాలు పాడవుతాయర్రా అని నేను అరుస్తూనే ఉన్నాను, ఎవరూ వినలేదు.

తర్వాత జరిగింది చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మేము పొద్దుటి నుంచి తంటాలు పడుతున్న పెళ్ళలు చేతులు మారుతూ పికప్పులోకి వెళ్ళిపోయాయి. మేం ఆడవాళ్ళం ప్లాస్టిక్కు ఏరాం, తీగలు చుట్టలు చుట్టాం. సీమంతం అన్నావిడ ఎవరో ఫొటో పెడితే చూసి, పట్టుచీర కొంగు దోపుకుని వచ్చేసింది. నమాజు పిలుపు వినబడగానే ఇస్హాక్ భాయ్, క్యాంపులో ముస్లింలు మసీదుకి వెళ్ళారు. మిగిలినవాళ్ళు పని ఆపలేదు. వాళ్ళు తిరిగొచ్చేసరికి నేల చదునుగా ఉంది.

లారీ వచ్చింది. డ్రైవరు దిగి అటూ ఇటూ చూసి పెద్దాయనకి ఫోన్ చేశాడు. "తమామ్, తమామ్" అన్నాడు, అంటే అంతా బాగుంది అని. ఆ మాట వినగానే ఇస్హాక్ భాయ్ భుజాలు కిందికి దిగాయి. వేప మొక్కలు నాటి, బెంచీలు వేశాం. మొక్కల చుట్టూ పాదులు తీసి ట్యాంకరుతో నీళ్ళు పెట్టేసరికి అందరికీ ఆకలి మండిపోతోంది. అక్క ఇంట్లోంచి పళ్ళు, బన్నులు, గట్క అన్నీ తెప్పించి అక్కడే పంచాం. రోగికి తెచ్చినవి వాలంటీర్లు తిన్నారు. నేను ఎవరెవరికి ఏం వడ్డించానో గుర్తు లేదు గానీ, ప్రతి ఒక్కరికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. కొందరికి పెట్టాను కూడా.

మజీదక్కని బలవంతాన బెంచీ మీద కూర్చోబెట్టారు. నలుగురూ తన చుట్టూ చేరి తినమంటుంటే ఆమెకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పటిదాకా దూరంగా మొక్కల దగ్గరే తచ్చాడుతున్న లింబాద్రి మెల్లిగా వచ్చి నిలబడ్డాడు.

"తప్పైందక్కా. మంచిగున్న మనిషికి జెరమని ఊరంతా చాటిచ్చిన. అపశకునం మాట. మనసుల పెట్టుకోకు" అన్నాడు.

అక్క అతని చెయ్యి పట్టుకుంది. నేను ఆమెని అలా ఎప్పుడూ చూడలేదు, కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడం లేదు.

"తప్పు గాదు తమ్మీ. అమ్మ పోయింది. బిడ్డ అత్తగారింట్ల ఉన్నది. డ్యూటీ నుంచి అచ్చి ఒక్కోపారి అనుకుంటుంటి, ఈ పరాయి దేశంల ఎప్పుడన్న నేను మంచాన పడితే నన్ను సూడనీకి ఎవలత్తరని. గది ఎవల్నన్న అడుగుతమా? నువ్వు నాకు బతికుండంగనే సూపెట్టినవ్."

 లింబాద్రి రెండో చెయ్యి కూడా ఆమె చేతి మీద వేసి, "నిజంగ జెరం అచ్చినా గిట్లనే ఫోన్ చెయ్యక్కా, అత్తం" అన్నాడు.